నలభై నాణేలు, ముప్పై తొమ్మిది మంది అధ్యక్షులు

ముందు వస్తువు సంగతి చెబుతాను, చరిత్ర సంగతి తర్వాత. ముదురు నీలం రంగు అట్ట ఆల్బమ్. మూడు మడతలుగా తెరుచుకుంటుంది. లోపల నాణెం సైజుకు కోసిన గుంతలు, ఒక్కో గుంతలో బంగారు రంగు డాలరు నాణెం, ఒక్కో నాణెం మీద ఒక అమెరికా అధ్యక్షుడి ముఖం. జార్జ్ వాషింగ్టన్‌తో మొదలై రొనాల్డ్ రీగన్ దాకా 39 ఉన్నాయి. చిన్న ప్లాస్టిక్ కవరులో విడిగా ఇచ్చిన సీనియర్ జార్జ్ బుష్ నాణెంతో కలిపి 40. ముఖ విలువ నలభై డాలర్లు. న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్లు ఉండే ఊళ్లో పాత నాణేలు అమ్మే చిన్న కొట్టు ఒకటి ఉంటే, అక్కడ 79 డాలర్లు పెట్టి కొన్నాను. మనవడు అయిదో తరగతి. అధ్యక్షుల పేర్లు వాషింగ్టన్ దగ్గర నుంచి గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. ఫలానా ఆయన ఏం చేశాడురా అంటే మాత్రం దిక్కులు చూస్తాడు. చేతికి అందే వస్తువేదైనా ఉంటే చరిత్ర కాస్త వంటబడుతుందని నా ఆశ.

నేను గుంటూరులో ఒక బ్యాంకు క్యాషు కౌంటరులో ఉద్యోగ జీవితమంతా గడిపి రిటైరయినదాన్ని. నాణెం చేతికొస్తే ముందు బరువు చూస్తాను, తర్వాత అంచు, ఆ తర్వాతే బొమ్మ. ఈ సమీక్ష కూడా ఆ వరసలోనే నడుస్తుంది.

బరువు 8.1 గ్రాములు, అడ్డకొలత 26.5 మిల్లీమీటర్లు. చేతిలో నిండుగా ఉంటుంది. రంగే తప్ప బంగారం ఇసుమంత కూడా లేదు. లోపల రాగి, పైన మాంగనీసు కలిపిన ఇత్తడి పొర. మొత్తం మీద 88.5 శాతం రాగే. ఈ ఇత్తడితో ఒక చిక్కుంది. కొత్తలో ధగధగలాడుతుంది, నాలుగు చేతులు మారేసరికి గోధుమ రంగుకు తిరుగుతుంది. మా సెట్టులో జెఫర్సన్ చెంప మీద ఎవరిదో బొటనవేలి ముద్ర మచ్చగా ఉండిపోయింది. చింతపండు పెట్టి తోముదామా అని మా అమ్మాయి అడిగితే గట్టిగా వద్దన్నాను. తోమిన నాణేన్ని సేకరించేవాళ్లు కన్నెత్తి చూడరు. కొట్టతను ఆ మచ్చ సంగతి ముందు చెప్పి ఉంటే రెండు డాలర్లు తగ్గించమని అడిగేదాన్ని.

ఇక అంచు. ఈ నాణేల విశేషమంతా అంచులోనే ఉంది, ఈ ఆల్బమ్ దాచిపెట్టేది కూడా దాన్నే. మన రూపాయి నాణెం మీద సంవత్సరం బొరుసు వైపు ఉంటుంది. దాని కింద చిన్న నక్షత్రం కనిపిస్తే అది హైదరాబాదు టంకశాలలో తయారైనదని చెప్పేయవచ్చు. ఈ డాలరు నాణేల మీద సంవత్సరం గానీ టంకశాల అక్షరం గానీ ముఖం మీద లేవు, వెనక్కి తిప్పినా లేవు. చుట్టూ అంచు మీద చెక్కారు. ఫిలడెల్ఫియాలో తయారైతే పి, డెన్వర్‌లో అయితే డి. 'అనేకం నుంచి ఒక్కటి' అనే అర్థం వచ్చే లాటిన్ నినాదం కూడా అక్కడే ఉంది. అట్ట గుంతలో బిగించాక ఇదంతా కనబడదు. నాణెం ఏ ఏడాదిదో, ఎక్కడ తయారైందో తెలుసుకోవాలంటే గోరుతో పెళ్లగించి బయటికి తీయాలి. తీసిన ప్రతిసారీ వేళ్ల ముద్రలు పడతాయి. ఆల్బమ్ తయారుచేసినవాళ్లు ఒక్క నాణేన్నయినా చేత్తో పట్టుకుని చూశారా అని నా అనుమానం. కొంచెం ఎక్కువ ధర పెట్టగలిగితే, అంచు కనబడేలా పారదర్శకమైన రేకుల మధ్య బిగించే రకం తీసుకోండి.

ఈ అంచు అక్షరాల వెనక ఒక కథ ఉంది. బొమ్మా బొరుసూ అచ్చయ్యాక నాణేలను వేరే యంత్రంలో వేసి అంచు మీద అక్షరాలు కొడతారు. అందుకే కొన్ని నాణేలకు బొమ్మ పైకి పెడితే అక్షరాలు నిటారుగా ఉంటాయి, కొన్నింటికి తలకిందులుగా ఉంటాయి. 2007లో మొట్టమొదట వచ్చిన వాషింగ్టన్ నాణేల్లో వేలకు వేలు ఆ రెండో యంత్రం ముఖం చూడకుండానే బయటికి వచ్చేశాయి. 'దేవుణ్ణి నమ్ముతాం' అనే వాక్యం అప్పట్లో అంచు మీదే ఉండేది. అంచు నున్నగా రావడంతో దేవుడు లేని డాలర్లని పేరు పడిపోయింది. గొడవ ముదిరాక 2009 నుంచి ఆ వాక్యాన్ని ముఖం మీదికి తెచ్చారు. మీ సెట్టులో మొదటి ఎనిమిది నాణేలనూ తొమ్మిదోదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి, ఆ తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు బొమ్మ. అధ్యక్షుడి ముఖం, పేరు, ఎన్నో అధ్యక్షుడో ఆ సంఖ్య, పదవిలో ఉన్న ఏళ్లు. అంతే. ఏం చేశాడో ఒక్క ముక్క లేదు. 2005లో చేసిన చట్టం ప్రకారం 2007 నుంచి ఏడాదికి నలుగురి చొప్పున వరసగా విడుదల చేసుకుంటూ పోయారు. పెద్దవాడా చిన్నవాడా, మంచివాడా చెడ్డవాడా అన్న లెక్క లేదు. అందరికీ ఒకే సైజు, ఒకే బరువు.

ఈ ఆల్బమ్ చెప్పే చరిత్రలోని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి. తొమ్మిదో గుంతలోని విలియం హెన్రీ హారిసన్ 1841 మార్చి 4న ప్రమాణం చేసి ఏప్రిల్ 4న చనిపోయాడు. పదవిలో ఉన్నది ఒక్క నెల. ఆయన నాణెం మీద ఒకే ఒక్క సంవత్సరం ఉంటుంది. ముప్పై రెండో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1933 నుంచి 1945 దాకా, మహా మాంద్యం మొదలుకొని రెండో ప్రపంచ యుద్ధం చివరి అంకం దాకా, నాలుగుసార్లు ఎన్నికై పాలించాడు. ఆయనకూ ఒకే నాణెం. గ్రోవర్ క్లీవ్‌లాండ్‌కు మాత్రం రెండు! 1885లో పదవిలోకి వచ్చి, మధ్యలో నాలుగేళ్లు బెంజమిన్ హారిసన్‌కు కుర్చీ వదిలి, 1893లో మళ్లీ వచ్చాడు కాబట్టి 22వ అధ్యక్షుడూ ఆయనే, 24వ అధ్యక్షుడూ ఆయనే. నలభై నాణేలకు ముప్పై తొమ్మిది మందే ఉండటానికి కారణం ఇదే. నాలుగుసార్లు గెలిచినాయనకు ఒకటి, మధ్యలో ఓడిపోయినాయనకు రెండు. ఇలాంటి లెక్క మా బ్యాంకులో రాసి ఉంటే ఆడిటరు ఊరుకునేవాడు కాదు.

అయినా ఈ ఒకే సైజు నిబంధనలో ఒక మేలుంది. మామూలుగా ఎవరూ పట్టించుకోని వాళ్లను కూడా చేతిలోకి తీసుకోక తప్పదు. ఆండ్రూ జాక్సన్‌కూ అబ్రహాం లింకన్‌కూ మధ్య ఎనిమిది మంది ఉన్నారు: వాన్ బ్యూరెన్, హారిసన్, టైలర్, పోల్క్, టేలర్, ఫిల్మోర్, పియర్స్, బుకానన్. ఒక్కరు కూడా ఒక విడత దాటి ఉండలేదు. బడి పుస్తకాలు ఈ ఎనిమిది మందినీ గబగబా దాటేస్తాయి. కానీ అంతర్యుద్ధానికి బాట పడింది ఈ వరసలోనే. పోల్క్ మెక్సికోతో యుద్ధం చేసి బోలెడంత నేల సంపాదించాడు. ఆ నేలలో బానిసత్వం ఉండాలా వద్దా అన్న తగాదా తర్వాతివాళ్ల నెత్తిన పడింది. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలనే 1850 నాటి చట్టం మీద ఫిల్మోర్ సంతకం చేశాడు. కొత్త ప్రాంతాల్లో బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడి జనమే తేల్చుకుంటారని 1854లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టం మీద పియర్స్ సంతకం పెడితే, కాన్సాస్‌లో నెత్తురు పారింది. బుకానన్ 1857లో పదవిలోకి వచ్చిన రెండో రోజుకే డ్రెడ్ స్కాట్ తీర్పు వెలువడింది. నల్లజాతివాళ్లు ఈ దేశ పౌరులు కాలేరని సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇంత జరిగితే, ఆల్బమ్‌లో బుకానన్ గుంత కింద రాసినదేమిటో తెలుసా? పెళ్లి చేసుకోని ఏకైక అధ్యక్షుడు అని! నిజమే, చేసుకోలేదు. దేశం రెండుగా చీలిపోతుంటే పిల్లలకు చెప్పాల్సిన సంగతి అదేనా? గుంతల కింద వాక్యాలన్నీ ఈ తరహాలోనే ఉన్నాయి. టాఫ్ట్ దగ్గర ఆయన లావు గురించి రాశారు. ఆయనే తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడన్న మాట రాయడానికి చోటు సరిపోలేదు కాబోలు.

ఇక నేనే రాయడం మొదలుపెట్టాను. మా మనవడికి బొమ్మల కింద పెన్సిలు గుర్తులు పెట్టే పని ఒకటి అప్పజెప్పాను: జీవితంలో ఎప్పుడైనా బానిసలను ఉంచుకున్న అధ్యక్షుల కింద ఒక చుక్క. మొదటి పద్దెనిమిది గుంతల్లో పన్నెండు చుక్కలు పడ్డాయి. వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్, మన్రో, అందరికీ పడ్డాయి. జాన్ ఆడమ్స్, ఆయన కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్ శుభ్రంగా బయటపడ్డారు. అంతర్యుద్ధంలో బానిస రాష్ట్రాల సైన్యాన్ని ఓడించిన గ్రాంట్ దగ్గర వాడికి సందేహం వచ్చింది.

"అమ్మమ్మా, గ్రాంట్ దగ్గర ఒక్కడే ఉన్నాడు. ఆయన్ని యుద్ధానికి ముందే వదిలేశాడు కూడా. చుక్క పెట్టాలా?"

1859లో విడిచిపెట్టాడు, నిజమే. పెట్టాలన్నాను. చిన్న చుక్క పెట్టాడు.

ఇప్పుడు బొరుసు వైపు తిప్పండి. నలభై నాణేలకూ అటు వైపు ఒకే బొమ్మ, స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ). ఆ విగ్రహం పాదాల దగ్గర తెగిన సంకెళ్లు ఉంటాయని చదివాను. నాణెం మీద పై భాగమే ఉంది కాబట్టి అవి కనబడవు. చుక్క పడిన పన్నెండు మందికీ వెనక స్వేచ్ఛా ప్రతిమే, చుక్క పడనివాళ్లకూ అదే. పైగా వాషింగ్టన్ పోయింది 1799లో, విగ్రహాన్ని న్యూయార్కు రేవులో ఆవిష్కరించింది 1886లో. మొదటి ఇరవై ఒక్కమంది పాలనలో ఆ విగ్రహం అక్కడ లేదు. అందరికీ ఒకే బొరుసు వేస్తే టంకశాలకు ఖర్చు తగ్గుతుంది, బొమ్మకూ బొరుసుకూ సంబంధం కూడా తగ్గుతుంది.

అయితే నలభైలో రెండు నాణేలకు మాత్రం రెండు వైపులా కలుస్తాయి. మొదటిది 22వ అధ్యక్షుడి నాణెం. ఆ విగ్రహాన్ని 1886 అక్టోబరు 28న ఆవిష్కరించింది క్లీవ్‌లాండే. రెండోది లిండన్ జాన్సన్‌ది. దాని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మా అమ్మాయి ఇల్లు ఈ దేశంలో ఉండటానికి ఆ నాణేనికీ సంబంధం ఉంది.

మా మనవడి ముందు బల్ల మీద నాలుగు నాణేలు వరసగా పెట్టాను. మొదటిది హార్డింగ్. ఆయన కాలంలో, 1923లో, భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ అమెరికా పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. తెల్లజాతివాడు కాదు కాబట్టి పౌరసత్వం కుదరదని తీర్పు వచ్చింది. రెండోది కూలిడ్జ్. 1924లో ఆయన సంతకం చేసిన వలస చట్టం ఆసియావాళ్లకు తలుపు మూసేసింది. మూడోది ట్రూమన్. 1946 జులై 2న సంతకం పెట్టిన చట్టంతో భారతీయులు పౌరులు కావచ్చన్నారు. వలస వచ్చేందుకు మాత్రం ఏడాదికి వంద మందికే అనుమతి. దేశం మొత్తానికి వంద! నాలుగోది జాన్సన్. 1965 అక్టోబరు 3న, సరిగ్గా ఆ స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గరే బల్ల వేయించుకుని, ఏ దేశంలో పుట్టారన్న కోటాలను ఎత్తేసే చట్టం మీద సంతకం చేశాడు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వచ్చిన డాక్టర్లయినా, తర్వాత వచ్చిన మా అమ్మాయిలాంటి కంప్యూటరు ఉద్యోగులయినా, ఆ సంతకం వేసిన దారిన వచ్చినవాళ్లే.

కథ బాగా కుదిరింది కదా అనుకుంటున్నారా? నాకూ అలాగే అనిపించింది. కానీ మా మనవడు నాలుగు నాణేలనూ చూసి, "థిండ్‌కు పౌరసత్వం లేదన్నది హార్డింగ్ కాదు కదా, కోర్టు కదా" అన్నాడు. వాడన్నది నిజం. 1946 చట్టం కోసం ఏళ్ల తరబడి వాషింగ్టన్‌లో మెట్లెక్కి దిగింది జె.జె. సింగ్ లాంటి వాళ్లు. ఆ చట్టం వచ్చాక పౌరుడై, 1956లో ప్రతినిధుల సభకు ఎన్నికైన మొదటి ఆసియా సంతతివాడు దలీప్ సింగ్ సౌంద్. వీళ్లెవరికీ ఈ ఆల్బమ్‌లో గుంత లేదు. సంతకం చేసినవాడి ముఖమే నాణెం మీదికి వస్తుంది, అర్జీ రాసినవాడి ముఖం రాదు. బ్యాంకులో రుణం మంజూరు కాగితం మీద మేనేజరు సంతకం ఒక్కటే ఉండేది. అందాకా ఫైలు కదలడానికి ఎంత మంది తిరిగారో కౌంటరులో కూర్చున్నవాళ్లకు తెలుసు.

కొట్టులో గల్లాపెట్టె పక్కన ఒక గిన్నె నిండా ఇంకో రకం డాలరు నాణేలు ఉన్నాయి. ఇదే సైజు, ఇదే లోహం, ఇదే బరువు. 2000లో మొదలైన సకజవియా నాణెం: వీపున బిడ్డను కట్టుకున్న ఆదివాసీ యువతి. అధ్యక్షుల నాణేలు తెచ్చిన చట్టమే వీటిని కూడా ఆపకుండా అచ్చు వేయాలని పట్టుబట్టింది. రెండు డాలర్లకు ఒకటి కొని తెచ్చి జాక్సన్ గుంత పక్కన టేపుతో అంటించాను. మనవడు ఒప్పుకోలేదు. జెఫర్సన్ పడమటి నేలలు చూసి రమ్మని పంపిన లూయిస్, క్లార్క్ బృందంతో కలిసి పడమటి సముద్రం దాకా నడిచిన మనిషి కాబట్టి ఆవిడ జెఫర్సన్ పక్కన ఉండాలని వాడి వాదన. బడిలో అలాగే చెప్పారట. ఆవిడ వెళ్లింది జెఫర్సన్ కాలంలోనే, నిజమే. ఆవిడ షొషోనీ తెగ, జాక్సన్ వెళ్లగొట్టింది చెరోకీ లాంటి వేరే తెగలను, అదీ నిజమే. అయినా నేను తీయలేదు. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న తెగలను పడమటికి పంపించే చట్టం మీద 1830లో జాక్సన్ సంతకం చేశాడు. 1838లో వాన్ బ్యూరెన్ కాలంలో సైనికులు చెరోకీలను ఇళ్లలోంచి లాగి నడిపించారు. దారిలో, శిబిరాల్లో దాదాపు నాలుగు వేల మంది చనిపోయారని చెబుతారు. జాక్సన్‌ను తలుచుకున్నప్పుడు ఒక ఆదివాసీ ముఖం పక్కన కనబడాలి, అంతే. జెఫర్సన్ పక్కన కావాలంటే ఇంకో నాణెం కొనిస్తానన్నాను.

నా మనసుకు బాగా నచ్చిన నాణెం మాత్రం ఎవరూ ఊహించనిది: ఇరవై ఒకటో అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్. బుగ్గ మీసాలు పెద్ద పెద్దవి. నాణెం చెక్కినతను ఒక్కో వెంట్రుకా విడివిడిగా చూపించాడు, భూతద్దం పెట్టి చూడండి. అప్పట్లో అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగమంటే గెలిచిన పార్టీ పంచిపెట్టే ప్రసాదం. న్యూయార్కు కస్టమ్స్ కార్యాలయానికి పెద్దగా ఉండి ఆ పంపకాలు సాగించినవాడే ఆర్థర్. 1878లో అధ్యక్షుడు హేస్ ఆయన్ని ఆ పదవి నుంచి తీసేశాడు కూడా. 1881 జులైలో, ఉద్యోగం రాలేదన్న కడుపుమంటతో గీటో అనేవాడు అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను రైల్వే స్టేషనులో కాల్చాడు. డాక్టర్లు కడుక్కోని వేళ్లతో గాయంలో తూటా కోసం వెతికారు. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ పోయాడు. ఉపాధ్యక్షుడుగా ఉన్న ఆర్థర్ అధ్యక్షుడయ్యాడు. ఇంకేముంది, పంపకాలవాళ్లకు పండగే అనుకున్నారు అందరూ. ఆ మనిషే 1883లో పెండిల్టన్ చట్టం మీద సంతకం చేసి, ప్రభుత్వ ఉద్యోగాలకు పోటీ పరీక్షలు తెచ్చాడు. పరీక్ష రాసి, ఎవరి సిఫారసూ లేకుండా బ్యాంకు ఉద్యోగంలో చేరినదాన్ని నేను. ఆర్థర్ మీద నాకు అభిమానం ఉండదా?

హేస్, గార్ఫీల్డ్, ఆర్థర్ మూడు నాణేల మీదా 1881 ఉంటుంది. ఒకాయన దిగిపోయిన ఏడాది, ఒకాయన వచ్చి పోయిన ఏడాది, ఒకాయన వచ్చిన ఏడాది. 1841 కూడా ఇలాంటిదే. హారిసన్ పోగానే టైలర్ పూర్తి స్థాయి అధ్యక్షుడా, తాత్కాలికంగా ఆ పని చూసేవాడా అని పెద్ద రగడ జరిగింది. ప్రత్యర్థులు ఆయన్ని ప్రమాదవశాత్తూ వచ్చిన దొర అని వెక్కిరించారు. నాణెం మాత్రం ఏ తగాదా లేనట్టు పదో అధ్యక్షుడు అని రాసి ఊరుకుంది. ఉపాధ్యక్షుడే పూర్తి అధ్యక్షుడవుతాడని రాజ్యాంగంలో స్పష్టంగా రాసుకున్నది 1967లో, 25వ సవరణతో.

లోటు ఒకటి చెప్పాలి. 38వ అధ్యక్షుడు ఫోర్డ్ తర్వాత సరాసరి 40వ అధ్యక్షుడు రీగన్. 39 ఎక్కడ? జిమ్మీ కార్టర్. చనిపోయి కనీసం రెండేళ్లయితేనే నాణెం వేయాలని చట్టం. 2016లో ఈ వరస ముగిసేనాటికి కార్టర్ నిక్షేపంగా ఉన్నారు. నూరేళ్లు నిండాక 2024 డిసెంబరులో పోయారు. 2018లో పోయిన సీనియర్ బుష్ కోసం వేరే చట్టం చేసి 2020లో నాణెం తెచ్చారు. ఆల్బమ్ అంతకు ముందే అచ్చయినట్టుంది, అందుకే ఆయనకు ప్లాస్టిక్ కవరు. ఎక్కువ కాలం బతికినందుకు కార్టర్‌కు చరిత్రలో చోటు లేకపోవడం నాకు నవ్వు తెప్పించింది. మన దేశంతో అంత దగ్గరి బంధం ఉన్నది ఆయనకే. వాళ్లమ్మ లిలియన్ అరవయ్యేళ్లు దాటాక ముంబయి దగ్గర విఖ్రోలిలో సేవ చేసి వెళ్లారు. 1978లో ఆయన వచ్చి వెళ్లిన హర్యానా పల్లెకు కార్టర్‌పురి అని పేరు పెట్టుకున్నారు. 2000లో హైదరాబాదు వచ్చిన క్లింటన్, 2006లో వచ్చిన జూనియర్ బుష్ కూడా ఈ సెట్టులో లేరు. తెలుగువాళ్లు తమ ఊళ్లో చూసిన అధ్యక్షుల కోసం ఇది కొంటే నిరాశే.

ఇప్పుడు అసలు సంగతి. 1792లో అమెరికా తన మొదటి నాణేల చట్టం చేసుకుంటున్నప్పుడు సెనేటు ఒక బిల్లు పంపింది. నాణెం మీద పదవిలో ఉన్న అధ్యక్షుడి తల, ఆయన పేరు, ఎన్నో అధ్యక్షుడో ఆ సంఖ్య ఉండాలని అందులో రాశారు. అక్షరాలా ఈ ఆల్బమ్‌లో ఉన్న నాణెమే! ప్రతినిధుల సభ ఒప్పుకోలేదు. రాజుల తలలు నాణేల మీద వేసుకునే అలవాటు మనకెందుకన్నారు. అధ్యక్షుడి తల తీసేసి, దాని బదులు స్వేచ్ఛకు గుర్తుగా ఉండే బొమ్మ వేయాలని మార్చారు. అదే చట్టమైంది. ఆ తర్వాత నూరేళ్లకు పైగా చెలామణీ నాణెం మీద ఏ అధ్యక్షుడి ముఖమూ రాలేదు. 1909లో లింకన్ శత జయంతికి ఒక సెంటు మీద ఆయన వచ్చాడు. తర్వాత 1932లో పాతిక సెంట్ల మీద వాషింగ్టన్, 1938లో అయిదు సెంట్ల మీద జెఫర్సన్, 1946లో పది సెంట్ల మీద రూజ్‌వెల్ట్, 1964లో అర డాలరు మీద కెన్నెడీ. చివరికి 2007 వచ్చేసరికి 1792లో కొట్టేసిన బిల్లు మొత్తం బంగారు రంగు పూసుకుని వెనక్కి వచ్చింది, స్వేచ్ఛ బొమ్మ బొరుసు వైపుకు వెళ్లింది. దేశ చరిత్రను అధ్యక్షుల వరసగా చెప్పుకోవడం ఆ దేశం పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు, తర్వాత నేర్చుకున్నది. ఆల్బమ్ అట్ట మీద ఎక్కడా ఈ మాట లేదు. ఒక్క వాక్యం ఇది రాసి ఉంటే, బుకానన్ పెళ్లి సంగతిని నేను క్షమించేదాన్ని.

జనం ఈ నాణేలను ఆదరించారా అంటే, లేదు. మన పది రూపాయల నాణెం గతి నేను కౌంటరులో కూర్చుని చూశాను. చెల్లదని పుకారు పుట్టి, కొట్లవాళ్లు తీసుకోక, జనం మూటలు కట్టి బ్యాంకుకు తెచ్చేవారు. పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించాల్సి వచ్చింది. అమెరికాలో పుకారు కూడా అక్కర్లేకపోయింది. జేబులో కాగితం డాలరు ఉండగా నాణెం ఎవరికి కావాలి? 2011 చివరికి అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు గోదాముల్లో దాదాపు 140 కోట్ల డాలరు నాణేలు పేరుకుపోయాయి. చెలామణీ పెంచుదామని టంకశాల పోస్టు ఖర్చు లేకుండా ముఖ విలువకే ఇంటికి పంపితే, కొందరు తెలివైనవాళ్లు విమాన ప్రయాణ పాయింట్లు వచ్చే క్రెడిట్ కార్డుతో వేలకు వేలు కొని, పెట్టె విప్పకుండా నేరుగా బ్యాంకులో జమచేసి ఊళ్లు తిరిగొచ్చారు. ఆ కౌంటరు వెనక కూర్చున్నవాళ్ల అవస్థ తలుచుకుంటే జాలేస్తుంది. 2011 డిసెంబరులో చెలామణీ కోసం అచ్చు వేయడం ఆపేశారు. గార్ఫీల్డ్ దాకా జనం కోసం వేసినవి, నా ఆర్థర్ నుంచి సేకరించేవాళ్ల కోసం మాత్రమే వేసినవి.

అయిదుకు మూడున్నర ఇస్తాను. నాణేలకు నాలుగున్నర, అట్టకు రెండు, గుంతల కింద రాతకు ఒకటి. పదేళ్లు దాటిన పిల్లలకు, పక్కన కూర్చుని మాట్లాడే పెద్దవాళ్లు ఉంటేనే కొనండి. ఒంటరిగా పిల్లవాడి చేతికిస్తే పేర్ల జాబితా మరోసారి బట్టీ పడతాడు, అంతే.

ధర విషయంలో ఒక మాట. 2007 నుంచి 2011 దాకా వచ్చిన 20 నాణేలకు కొట్టులో ఎక్కువ పెట్టనక్కర్లేదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఏదైనా బ్యాంకు కౌంటరులో డాలరు నాణేలు ఉన్నాయా అని అడగండి, ఉంటే డాలరుకు డాలరే ఇస్తారు. ఆర్థర్ నుంచి బుష్ దాకా మిగిలిన 20 మాత్రం కొట్టులో కొనుక్కోవాలి. కొనేటప్పుడు గుంతలోంచి తీయించి అంచు చూడండి. తీయడానికి కొట్టతను ఒప్పుకోకపోతే ఆ సెట్టు వదిలేసి ఇంకో చోట చూసుకోండి.